అగత్తికి పోయే ముందు

అల్లుడూ,

సంక్రాంతి సెలవుల్లో పిల్లల్ని పిలుచుకొని లక్షద్వీప్ పోవాలనుకుంటున్నారని అక్క చెప్పింది. సంతోషం. కానీ తిరుపతికి పోయినట్టు టికెట్ తీసుకొని బయల్దేరితే కుదరదు నాయనా. మొదట ఆ దీవుల్లో అడుగుపెట్టేందుకు సర్కారు ఇచ్చే పర్మిట్, తర్వాత కొచ్చి నుంచి దీవికి టికెట్, ఆఖర్న కొచ్చి దాకా పోయే టికెట్. ఈ వరుస తప్పితే కట్టిన డబ్బు నీళ్లపాలే.

ఆ దీవుల్లో విమానం దిగేది ఒక్క అగత్తిలోనే. రన్‌వే సుమారు 1,200 మీటర్లు, పెద్ద విమానాలకు చాలదు. అందుకే కొచ్చి నుంచి ఏటీఆర్ పోతుంది. రెక్కలకు పంకాలుండే ఆ చిన్న విమానంలో డెబ్బై మందికి అటూ ఇటుగా పడతారు, ప్రయాణం గంటన్నర. బెంగళూరు నుంచి నేరుగా సర్వీసు నడిచే రోజులుంటే అదే మేలు, అక్కడి విమానాశ్రయం ఉండే దేవనహళ్లి మనకు దారిలోనే కదా.

పర్మిట్‌కు రిసార్టువాళ్లో, గుర్తింపున్న టూర్‌వాళ్లో దరఖాస్తు చేయిస్తారు. ఆధార్, ఫొటోలు, పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇప్పుడే సిద్ధం చేసుకో, మన స్టేషన్‌లో పని ఒక్కరోజులో తెమలదు. ఆధార్‌లో ఉన్న పేరే, ఇంటిపేరుతో సహా, పర్మిట్ మీదా టికెట్ మీదా ఉండాలి. దగ్గర్లోని బంగారం అనే దీవికి కూడా పోవాలనుకుంటే దాని పేరూ రాయించు. ప్రింట్లు రెండు మూడు పెట్టుకో, దిగినాక అక్కడి పోలీసులకు చూపించాలి.

అందరూ దెబ్బతినేది మాత్రం తిరుగు ప్రయాణంలో. గాలివాన పట్టిందా, విమానం ఆగిపోతుంది. మరుసటి రోజు విమానం అప్పటికే నిండి ఉంటుంది. అగత్తి టికెట్ ఒకటి, బెంగళూరు టికెట్ వేరొకటిగా కొంటే మొదటిది ఆలస్యమైనందుకు రెండోవాళ్లు బాధ్యులు కారు, ఆ డబ్బు పోయినట్టే. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కొచ్చిలో ఒక్కో రాత్రి ఉండు. గది ఊళ్లో కాదు, నెడుంబాసేరి విమానాశ్రయం దగ్గర్లోనే తీసుకో. ఆఫీసులో సెలవు కూడా ఒకరోజు ఎక్కువే పెట్టు.

చిన్న విమానంలో బరువు ఎక్కువైతే ఒక్కోసారి పెట్టెల్ని వెనకాల పంపిస్తారు. మందులు, ఒక జత బట్టలు, పవర్ బ్యాంక్ చేతి సంచిలో పెట్టుకో. అక్క కట్టిచ్చే ఊరగాయ మాత్రం పెద్ద పెట్టెలో వెయ్యి, లేకుంటే తనిఖీ దగ్గర తీసి పక్కన పెడతారు. నగదు తీసుకపో, ఏటీఎంలు తక్కువ. అగత్తిలో మద్యం నిషేధం, సంచిలో ఉంచుకోవద్దు. వచ్చేటప్పుడు ఎండుకొబ్బరి పెట్టెలో పెట్టొద్దు, నూనె సరుకు కాబట్టి నిప్పంటుకుంటుందని దింపేస్తారు. పిల్లలు ఒడ్డున పగడపు ముక్కలు ఏరుకుంటారు, వాటిని జేబుల్లోంచి తీయించు. వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

జనవరి మంచి కాలమే, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. వేసవికి వాయిదా వేస్తే మే సగానికల్లా వచ్చెయ్యాలి. పర్మిట్ చేతికొచ్చినాక తేదీలు పంపించు, అప్పుడు చూసి కొచ్చి టికెట్ కొందాం.

మీ మామ