జైగోస్పోర్ కనిపించేదాకా పేరు పెట్టకు

చి. బుజ్జమ్మకు పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మన చెరువులో స్పైరోగైరా అనే పోగుల నాచులో జాతులు గుర్తించడమే నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టని మీ నాన్న చెప్పాడు. గర్వపడ్డాను, ఆ వెంటనే గుండె గుభేలుమంది. నాచు పట్టిన మెట్లమీద ఒక్కదానివే దిగకు తల్లీ.

సీసా సగమే నింపు, ఎండ తగలనీయకు, ఆ పూటే స్లైడు చూడు. వేళ్లమధ్య జారితే స్పైరోగైరా కావచ్చు. గరుకుగా, కొమ్మలతో ఉంటే క్లాడోఫోరా. కణంలో హరితరేణువు మెలితిరిగిన రిబ్బనులా ఉండాలి. రెండు నక్షత్రాలుంటే జిగ్నీమా.

ఇంతవరకూ నీకు తెలిసిందే. మా కాలంలో చేసిన తప్పు నువ్వు చెయ్యకూడదనే ఈ ఉత్తరం. జైగోస్పోర్ (రెండు కణాలు కలిసి కట్టే గట్టిగోడల బీజం) కోసం ఆగకుండా, ఉత్త పోగు చూసి, వెడల్పు కొలిచి, రిబ్బన్లు లెక్కపెట్టి, జాతి పేరు రాసి నమూనా షీటు అతికించేసేవాళ్లం. ఈ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) నాలుగు వందలకు పైగా జాతులున్నాయి, వాటి కొలతలు ఒకదానిమీద ఒకటి పడతాయి. పైగా క్రోమోజోముల సంఖ్య మారితే ఒకే పోగు సంతతిలోనే వెడల్పు మారిపోతుంది. అలాంటి పేరుకు విలువేముంది? తప్పు పేరు ఒక్కసారి షీటెక్కితే తర్వాతివాళ్లు దాన్నే నమ్ముతారు.

కణం వెడల్పు, పొడవు, రిబ్బన్ల సంఖ్య రాసుకో. కణాల మధ్య అడ్డుగోడ తిన్నగా ఉందా, మడత పడిందా చూడు. అక్కడితో ఆగి, అదే చోటికి వారం వారం వెళ్లు. నీరు తగ్గుతూ ఎండ ముదిరేటప్పుడు పచ్చటి తెట్టె పసుపుగా మారితే సంయుగ్మం (కణాల కలయిక) మొదలైనట్టే అనుకుని వెంటనే స్లైడు వెయ్యి. నిచ్చెనలా రెండు పోగులు కలిశాయా, ఒకే పోగులో పక్క కణాలా? కణాలను కలిపే గొట్టం రెండువైపులనుంచీ వచ్చిందా, ఒకవైపునుంచేనా? జైగోస్పోర్ ఉన్న కణం ఉబ్బిందా? గొట్టమే లేకుండా కణాలు వంగి అతుక్కుంటే అది సైరోగోనియం, పొరబడకు.

పచ్చి జైగోస్పోర్లన్నీ నున్నగానే కనిపిస్తాయి. అక్కడే మోసపోతాం. పసుపో గోధుమో రంగు తిరిగేదాకా ఓపిక పట్టు. అప్పుడు 40 ఆబ్జెక్టివ్ కింద ముందు పైతలానికి, తర్వాత మధ్యకు ఫోకస్ చెయ్యి. జైగోస్పోర్ గోడలోని మధ్యపొరమీద గుంటలున్నాయా, వలలాంటి గీతలున్నాయా, నున్నగా ఉందా అన్నదే జాతిని విడదీస్తుంది. సరిగా ఆనకపోతే కవర్‌స్లిప్పుమీద సూదితో మెల్లగా నొక్కు, పైపొర చిట్లి మధ్యపొర బయటపడుతుంది. కనీసం ఇరవై జైగోస్పోర్లు కొలిచి చూడు.

కంటి స్కేలును (మైక్రోస్కోపు కంటికటకంలోని గీతలను) ప్రతి ఆబ్జెక్టివ్‌కూ వేరుగా సరిచూడాలి. స్టేజి స్కేలులో (కొలత తెలిసిన గీతల స్లైడులో) ఒక చిన్న గీత 10 మైక్రాన్లు. 40 కంటిగీతలు 10 స్టేజి గీతలకు సరిపోతే కంటిగీత 2.5 మైక్రాన్లు. 10 ఆబ్జెక్టివ్ లెక్కను ఇక్కడ వాడితే నాలుగింతలు తప్పుతావు.

నమూనా చెడకుండా దాచడానికి ఫార్మలిన్ 4 పాళ్లు, నీళ్లు 96 పాళ్లు. కిటికీ తీసి, గ్లవుజులు తొడుక్కునే కలుపు, ఆ ఘాటు కళ్లకు మంచిది కాదు. లేబుల్ పెన్సిల్‌తోనే రాసి సీసాలో వెయ్యి.

జైగోస్పోర్ దొరక్కపోతే ప్రజాతి పేరు మాత్రమే రాసి వదిలెయ్. అందులో చిన్నతనం లేదమ్మా.

చెరువుకు వెళ్లేముందు ఫోన్ చెయ్యి. తిరిగొచ్చాకా చెయ్యి.

పెదనాన్న