అమ్మాయి ఫిషరీస్ అంటోంది, నాన్న నీట్ అంటున్నారు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా బుచ్చి దగ్గర పల్లె. వరి రైతును. అమ్మాయి బైపీసీ పూర్తయింది, నీట్‌లో మార్కులు చాల్లేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌లో వేస్తానంటే వద్దు, ముత్తుకూరులో ఫిషరీస్ చదువుతానంటోంది. చేపల చదువుకు పంపి నలుగురికీ ఏమని చెప్పుకోను?

జవాబు: అయ్యా, అమ్మాయి బతుకు గురించి మీ దిగులు న్యాయమైంది. నలుగురి మాట మాత్రం ఆమె చదువు మీద పెట్టకండి.

ముత్తుకూరు కాలేజీ 1991 నుంచి ఉంది. అక్కడి ఫిషరీస్ డిగ్రీ బీఎఫ్ఎస్సీ, నాలుగేళ్ల కోర్సు. తొంభైల్లో వైట్ స్పాట్ అనే రోగం వచ్చి టైగర్ రొయ్య సాగు ఎలా కుదేలయిందో మీ వయసు వాళ్లు చూసే ఉంటారు. 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకు అనుమతి వచ్చాక రొయ్యల గుంటలు మళ్లీ నిండాయి. వైట్ స్పాట్‌ను సీడ్ (రొయ్య పిల్ల) దశలోనే పట్టుకోవడం, నీళ్ల పరీక్ష, మేత లెక్క, ఇవన్నీ ఈ చదువులో భాగమే.

అయితే అమ్మాయికి నిజంగా ఇష్టమా, లేక నీట్ భయంతో పక్కకు జరుగుతోందా? అడిగితే తేలదు, చూపిస్తే తేలుతుంది. ఇందుకూరుపేట వైపో, విడవలూరు వైపో తెలిసినవాళ్ల గుంట ఉంటే తెల్లవారకముందే ఇద్దరూ వెళ్లండి. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆడుతుంటాయి. టెక్నీషియన్ చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండిందో లేదో చూస్తాడు. ఆ బురదలో నిలబడి అమ్మాయి ప్రశ్నలు వేస్తుంటే మీకు జవాబు దొరికినట్టే. ముక్కు మూసుకుని పక్కకు జరిగితే ఇంటికొచ్చాక నిదానంగా మాట్లాడండి, తిట్టకండి.

కష్టం కూడా దాచొద్దు. రొయ్య పిల్లల్ని తీసే హేచరీల్లో, మేత కంపెనీల్లో వేళాపాళా లేని పని, తిరుగుడు ఎక్కువ. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ పడితే ఫిషరీస్ డెవలప్‌మెంట్ ఆఫీసర్ పోస్టులుంటాయి. బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పరీక్షకూ ఈ డిగ్రీ పనికొస్తుంది. పీజీ చేయాలంటే ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈ ఉంది.

ఇష్టం లేని పిల్లను లాంగ్ టర్మ్‌లో కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. ఏడాది పోతుంది, డబ్బు పోతుంది, మీ మీద నమ్మకమూ పోతుంది. మీరెంత పెట్టగలరో మాత్రం ఇప్పుడే ఆమె ముందు నోరు విప్పి చెప్పండి. అప్పు చేయాల్సి వస్తే అదీ చెప్పండి.

ఈ కోర్సుకు చూసే ఈఏపీసెట్‌లో ర్యాంకు వస్తే సీటు దానంతట అదే రాదు. యూనివర్సిటీ నోటిఫికేషన్ చూసుకుని విడిగా దరఖాస్తు చేయాలి. రైతు కోటా షరతులు అందులోనే ఉంటాయి. పొలం కాగితాలు, స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టండి, ఆఖర్లో సచివాలయం చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది. ఆప్షన్ల వరుస నెట్ సెంటర్ వాళ్లకు వదిలేయకండి. అమ్మాయిని కాగితం మీద రాసుకోమనండి, మీరు పక్కన కూర్చోండి.