రెండో చరణం దాకా విన్నాకే రాయి

మహారాణిపేట,
విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

సినిమా గాయకుల మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. 'ఓవర్‌రేటెడ్ పదిమంది, అండర్‌రేటెడ్ పదిమంది'. శీర్షిక చూడగానే కాగితాలు మడిచి పక్కన పడేశాను. ఇలాంటి లిస్టులు చదివి చదివి కళ్ళు కాయలు కాశాయి. ఆరో పేరుకీ ఏడో పేరుకీ మధ్య నువ్వు బ్రాకెట్లో ఇరికించిన నాలుగు వాక్యాలు లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు.

మీ నాన్నగారు కూర్మన్నపాలెం నుంచి మద్దిలపాలెం దాకా ఆటో తోలతారనీ, పెన్‌డ్రైవ్‌లో భక్త కన్నప్ప 'శివ శివ శంకర' రాగానే హారన్ జోలికి పోరనీ రాశావు. ఎవరైనా 'ఇక్కడ ఆపండి' అంటే వినిపించనట్టు నాలుగు గజాలు ముందుకెళ్ళి ఆపుతారన్నావు. ఆ పాట ఘంటసాల పాడిందని ఆయన నమ్మకం. కాదని నీకు తెలుసు. అయినా చెప్పలేదు.

బాగుంది. చాలా బాగుంది. మిగతా ఏడు పేజీల్లో దీనికి సరితూగే వాక్యం ఒక్కటీ లేదు.

కానీ బాబూ, ఆ పాట పాడిన వి. రామకృష్ణ పేరు నీ ఇరవైమందిలో ఎక్కడుంది? కింద నుంచి పైకి, పైనుంచి కిందికి రెండుసార్లు వెతికాను. లేదు. పక్కనున్న విజయనగరంలో పుట్టినవాడు. 1972లో విచిత్రబంధంలో అక్కినేనికి పాడాడు. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయాడు, భక్త కన్నప్ప 1976లో వచ్చింది. అంటే ఘంటసాల పోయిన రెండేళ్ళకి వచ్చిన పాటని మీ నాన్నగారు ఘంటసాల ఖాతాలో వేస్తున్నారు. ఆయన్ని తప్పుపట్టడం లేదు, రాష్ట్రంలో సగంమంది అలాగే వేశారు. ఒక గాయకుడికి అంతకన్నా అన్యాయం ఏముంటుంది? పాటని నెత్తిన పెట్టుకుంటారు, పేరు మాత్రం ఇంకొకరిది చెప్తారు. అండర్‌రేటెడ్ అన్నదానికి నిలువెత్తు సాక్ష్యం మీ ఇంట్లో, మీ ఆటోలో ఉంటే, నువ్వు దాన్ని బ్రాకెట్లో పెట్టి, అందరూ చెప్పే పది పేర్లే మళ్ళీ చెప్పావు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇదే సంగతి జి. ఆనంద్ విషయంలోనూ. శ్రీకాకుళం జిల్లా తులగాం ఆయన ఊరు. అదే 1976లో అమెరికా అమ్మాయిలో 'ఒక వేణువు వినిపించెను' పాడాడు. ఈ పాట తెలియనివాళ్ళు నీకు దొరకరు. ఎవరు పాడారని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది బాలు అంటారు. 2021 మేలో కోవిడ్‌తో పోయాడాయన. ఆ వారం అందరికీ ఆ పాట గుర్తొచ్చింది, మరుసటి వారం మళ్ళీ బాలు పాటైపోయింది.

సరే, అసలు విషయానికొస్తాను. నాకొక పిచ్చి ఉంది, నన్నెరిగినవాళ్ళందరికీ తెలుసు. గాయకుడి సంగతి తేలేది రెండో చరణంలో. పల్లవి సంగీత దర్శకుడిది. వరస బాగుంటే ఎవరు పాడినా జనం ఊగుతారు. మొదటి చరణానికి వచ్చేసరికి తెర మీద హీరో హీరోయిన్లు ఏదో కొత్తగా చేస్తుంటారు, చెవి సగమే పనిచేస్తుంది. రెండో చరణంలో వరస అదే, మాటలు మాత్రం మారతాయి. వరస పాతబడింది, బొమ్మ పాతబడింది. అక్కడ పాడేవాడికి దిక్కెవరూ లేరు. మొదటి చరణాన్నే మళ్ళీ అప్పజెప్తాడా, కొత్త మాటల కోసం కొత్తగా నోరు విప్పుతాడా? ఇది చూడకుండా ఎవణ్ణి ఎక్కించినా, ఎవణ్ణి దించినా నేను నమ్మను.

ఈ పిచ్చి నాకు పుస్తకాల్లోంచి రాలేదు. కాలేజీ ఫీజుకి డబ్బులు చాలక అల్లిపురంలో ఒక మైక్‌సెట్టాయన దగ్గర పనిచేశాను. పెళ్ళిళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ రికార్డులు వెయ్యడం నా పని. ఆయనది ఒకటే షరతు: పాట మధ్యలో ముల్లు ఎత్తకూడదు. ఎత్తితే ఆ పూట కూలి లేదు. పెళ్ళికూతురి మేనమామ వచ్చి 'ఇది ఆపి అది వెయ్యి' అని కేకలేసినా సరే. రేడియోలో అయితే వార్తల టైము కాగానే పాట గొంతు నొక్కేసేవాళ్ళు, ఇక్కడ అలా కుదరదు. రెండో చరణం మొదలయ్యేసరికి పందిట్లో ఎవరి కబుర్లు వాళ్ళవి. చివరిదాకా వినేది నేనూ, సన్నాయి మేళంవాళ్ళూ. వాళ్ళలో ఒక పెద్దాయన నోట్లో సన్నాయి పీక తడుపుకుంటూ కూర్చునేవాడు. సుశీల పాట నడుస్తుంటే ఎక్కడో ఒకచోట పీక నోట్లోంచి తీసి, తల కొంచెం పక్కకి వంచేవాడు. ఎక్కడ వంచాడో నేను గుర్తుపెట్టుకుని, మర్నాడు అదే రికార్డు వేసి అక్కడ ఏముందా అని వినేవాణ్ణి. దాదాపు ఎప్పుడూ రెండో చరణంలోనే. ఒక పదం మీద ఊపిరి ఆపి వదలడమో, మొదటిసారి తిన్నగా వెళ్ళిపోయిన చోట చిన్న గమకం వెయ్యడమో. నా సంగీత విద్య అంతే. స్వరాలు రాయడం నాకిప్పటికీ రాదు.

నమ్మకపోతే మాయాబజార్ 'వివాహ భోజనంబు' తీసుకో. నీ వ్యాసంలో మాధవపెద్ది సత్యం 'కామెడీ సింగర్' అని ఒక్క ముక్కలో తేలిపోయాడు. ఒకే వరస మూడుసార్లు తిరిగొస్తుంది. మొదట గారెలూ బూరెలూ, తర్వాత లడ్లూ జిలేబీలూ, చివర అప్పడాలూ పులిహోరా పాయసమూ. మూడూ విడివిడిగా విను. గారెల దగ్గర ఆకలి ఉంది. లడ్ల దగ్గర ఆబ. పాయసం దగ్గరికొచ్చేసరికి ఆకలి కాదు, ఇదంతా నాదేనన్న దర్జా. నవ్వు కూడా అంతే, వచ్చిన ప్రతిసారీ కొంచెం లావెక్కుతుంది. రంగారావు నటన అంటావా, తెరకి వీపు తిప్పి కూర్చుని విను, అప్పుడు చెప్పు. వరస మార్చకుండా మనిషి కడుపు నింపిన గాయకుణ్ణి పట్టుకుని కామెడీ సింగర్ అనెయ్యడం ఎవరో అన్న మాటే మళ్ళీ అనడం.

బాలసుబ్రహ్మణ్యాన్ని ఓవర్‌రేటెడ్‌లో రెండో స్థానంలో పెట్టావు. ధైర్యానికి మెచ్చుకోవచ్చు, కారణానికి మెచ్చుకోలేను. 'నలభై వేల పాటలు పాడితే అన్నీ గొప్పవెలా అవుతాయి?' అన్నావు. అన్నీ గొప్పవని ఎవరన్నారు? లెక్క చూసి పొగడటం ఎంత తెలివితక్కువో, లెక్క చూసి తిట్టడం కూడా అంతే. సుశీల పేరు 17,695 పాటలతో 2016లో గిన్నిస్‌కి ఎక్కింది. ఆ అంకె చూసి నీకు ఆవిడ పాట ఒక్కటైనా బాగా వినిపించిందా? ఊపిరి తీసుకోకుండా చరణం పాడాడని బాలుకి చప్పట్లు కొట్టేవాళ్ళంటే నాకూ చిరాకే. నాకు కావలసింది ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడన్నది. మనుషులంతా ఒక్కటేలో అల్లు రామలింగయ్యకి పాడిన 'ముత్యాలు వస్తావా' విను. అల్లు ఎక్కడ ఆగుతాడో అక్కడ ఆగాడు. ఆరు జాతీయ అవార్డుల్లో ఒక్కటీ దానికి రాలేదు. ఓవర్‌రేటెడ్ అంటున్న మనిషిలోనే అండర్‌రేటెడ్ పాటలు వందలున్నాయి. నీ లిస్టులో మనిషికి ఒకటే గది, అందులో ఇవి పట్టవు.

ఇక నీ మొదటి స్థానం. సిద్ శ్రీరామ్‌కి తెలుగు ఉచ్చారణ రాదు కాబట్టి ఓవర్‌రేటెడ్ అని రెండు పేజీలు దంచావు. నాకూ కొన్నిచోట్ల పంటికింద రాయి తగులుతుంది, కాదనను. కానీ ఆ కొలబద్ద పట్టుకుని మహమ్మద్ రఫీ దగ్గరికి వెళ్ళగలవా? 1976లో ఆరాధనలో ఎన్.టి.ఆర్‌కి 'నా మది నిన్ను పిలిచింది' పాడాడు. మాట మాటకీ ఉత్తరాది యాస. అయినా నా వయసువాళ్ళు ఆ పాట వస్తే సన్నాయి పెద్దాయనలాగే తల వంచేస్తారు. ఇటు చూస్తే పి. లీల మలయాళీ, మిస్సమ్మలో ఆవిడ తెలుగు విని పరాయిదంటే ఎవరూ ఒప్పుకోరు. వాణీ జయరాం వేలూరు తమిళురాలు, శంకరాభరణానికీ స్వాతికిరణానికీ జాతీయ అవార్డులు తీసుకెళ్ళింది. ఉచ్చారణ ఒక లెక్క, పాట ఇంకో లెక్క. రెంటినీ కలిపి ఒకే మార్కు వెయ్యకు. ఏ పాటలో, ఏ పదం దగ్గర, ఏ అక్షరం నలిగిందో రాయి. అది రాస్తే ఆ కుర్రాడు కూడా చదివి దిద్దుకుంటాడు. 'తెలుగుని ఖూనీ చేశాడు' అంటే ఎవరికీ పనికిరాదు, పైగా ఆ మాట నీది కూడా కాదు.

ఇంకొకటి, తొందరగా చెప్పేస్తాను. ఎవరు ఎక్కడ అండర్‌రేటెడ్ అన్నది కూడా చూసుకోవాలి. పి.బి. శ్రీనివాస్ కాకినాడలో పుట్టాడు. కన్నడంలో హీరో రాజ్‌కుమార్ గొంతైపోయాడు. అక్కడ ఆయన్ని ఇప్పటికీ పూజిస్తారు, ఇక్కడ పేరు చెప్తే 'ఎవరూ?' అంటారు. మన దగ్గర హీరో గొంతుగా కుదురుకున్నవాడికే పీట. అది దక్కనివాడు ఎంత పాడినా అరుగు మీదే.

ఎడిటర్ల సంగతి అడిగావు. అడక్కుండా ఉండాల్సింది. మన పత్రికల్లో గాయకులు ఏడాదికి రెండే రోజులు బతికుంటారు, జయంతి నాడు, వర్ధంతి నాడు. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి పిఠాపురం నాగేశ్వరరావు మీద పెద్ద వ్యాసం తీసుకెళ్ళాను. కులగోత్రాలులో మాధవపెద్దితో కలిసి 'అయ్యయ్యో చేతిలో డబ్బులు పోయెనే' పాడినాయన. ఆ ఒక్క పాటలో ఇద్దరూ ఏడుపునీ నవ్వునీ ఎలా పంచుకున్నారో నాలుగు పేజీలు రాశాను. ఎడిటర్‌గారు కళ్ళజోడు పైకి తోసి, 'ఈయన వర్ధంతా?' అన్నారు. కాదన్నాను. 'మరి ఇప్పుడెందుకు? ఘంటసాలది వస్తోంది, అది రాసుకురండి' అన్నారు. బతిమాలాను. చివరికి వేశారు. సరిగ్గా సగం. రెండో సగం ఉండాల్సిన చోట బనియన్ల ప్రకటన. శీర్షిక మార్చి 'నవ్వుల గాయకుడు' అని పెట్టారు. నా వ్యాసం మొత్తం ఆయన నవ్వుల గాయకుడు కాదనే!

ఇప్పుడు టీవీ పోటీల్లో పిల్లల చేత పల్లవీ ఒక చరణమూ పాడించి 'గాన గంధర్వులు' అనేస్తున్నారు. రీల్స్‌లో చరణమే లేదు. నువ్వూ ఆ బండే ఎక్కావు. ఇరవైమందికి తలా పది వాక్యాలు, అన్నీ పల్లవులే. గంధర్వుడు, కోకిల, అమర గాయకుడు, మధుర గాయని, ఈ నాలుగూ పెన్సిలుతో కొట్టేశాను. కొట్టేశాక ఒక్కో పేరా ఎంత చిక్కిపోయిందో చూడు.

నువ్వు చెయ్యాల్సింది ఇది. పద్దెనిమిదిమందిని తీసెయ్యి. మిగిలిన ఇద్దరిలో ఒకణ్ణి తీసి రామకృష్ణని పెట్టు. మీ నాన్నగారి ఆటోలో ముందు సీట్లో కూర్చుని ఆ పాట మొదటినుంచి చివరిదాకా విను. ఆయన హారన్ మీద నుంచి చెయ్యి ఎప్పుడు తీస్తారు, మళ్ళీ ఎప్పుడు పెడతారు, ఏ చరణంలో నాలుగు గజాలు ముందుకు పోతారు, అన్నీ రాసుకో. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ ఆగితే ఆయన ఏం చేస్తారో అది కూడా. తర్వాత అదే పాట ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విను. ఆయన చెయ్యి ఆగినచోట రామకృష్ణ ఏం చేశాడో పట్టుకో. దొరికిందా, రాయి. దొరకలేదా, ఇంకోసారి విను. ఘంటసాల విజయనగరంలో జోలె పట్టి మధుకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నాడని నీ వ్యాసంలో కన్నీళ్ళతో రాశావు. అది అందరికీ తెలిసిన కథ, నీకు పనికిరాదు. ఆటో కథ నీ ఒక్కడిదే.

సుశీలా జానకా అని అడిగావు. అలాంటి ప్రశ్నలు నన్ను అడగొద్దు. కలం పేరు గురించి తర్వాత మాట్లాడుకుందాం.

తిరగరాశాక నాకు పంపు, కాదనుకుంటే సరాసరి పత్రికకే పంపు. ఎడిటర్ ఎవరైనా 'లిస్టుగా ఇవ్వండి, జనం అదే చదువుతారు' అంటే నీ ఇష్టం, డబ్బు అవసరమైతే ఇచ్చెయ్యి. పారితోషికం ఎంతో, ఎప్పుడిస్తారో మాత్రం ముందే అడుగు, మొహమాటపడకు. బనియన్ల ప్రకటన పక్కన వేసిన ఆ సగం వ్యాసానికి నాకు ఇంకా రావాలి.

ఇట్లు,
మీ పెద్దాయన