ఎవరు ఆడించారు, ఎవరు చూడటానికొచ్చారు

అమ్మాయికి,

ఆశీస్సులు. మన ఫుట్‌బాల్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. 'నూట నలభై కోట్ల మందిలో పదకొండు మంది దొరకరా?' అని మొదలుపెట్టావు. ఆ వాక్యం కొట్టేశాను. ప్రపంచకప్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అదే మాట రాస్తారు. అది రాయడానికి ఒక్క మ్యాచ్ కూడా చూడనక్కర్లేదు. నీ వ్యాసమంతా వెతికినా నువ్వు కళ్లారా చూసిన మ్యాచ్ ఒక్కటీ కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతోంది, ఓపిగ్గా చదువు.

మన దేశంలో ఫుట్‌బాల్ గురించి రాయాలంటే ప్రతి మ్యాచ్ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకో. దీన్ని ఎవరు ఆడించారు? చూడటానికి ఎవరొచ్చారు? ఈ రెండు జవాబులూ మన దగ్గర చాలాసార్లు పొసగవు. ఆడించేవాళ్లు ఒకచోట ఉంటారు, జనం ఇంకోచోట ఉంటారు. నలభై ఏళ్లుగా నేను రాసిందంతా ఆ ఎడం గురించే.

మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీద చక్కగా ఉంటుంది. కింద జిల్లా సంఘాలు, వాటిపైన రాష్ట్ర సంఘాలు, అన్నిటిపైన 1937లో పుట్టిన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. రాష్ట్రాల జట్లకు 1941 నుంచి సంతోష్ ట్రోఫీ. క్లబ్బులకు పైన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్), దాని కింద ఐ-లీగ్. దగ్గరికెళ్లి చూస్తేనే నిచ్చెనకు ఎక్కడ మెట్లు లేవో తెలుస్తుంది. 2014లో ఎనిమిది జట్లతో మొదలైన ఐఎస్ఎల్‌లోకి, ఐ-లీగ్ గెలిచి ఎక్కే దారి 2023 దాకా లేదు. 2017లో మిజోరం నుంచి వచ్చిన ఐజాల్ జట్టు పెద్ద పెద్ద క్లబ్బుల్ని దాటి ఐ-లీగ్ గెలిచింది. దేశమంతా మెచ్చుకుంది. పై లీగ్ తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఆ దారిన మొదట లోపలికి వచ్చింది పంజాబ్ ఎఫ్‌సీ, అదీ ఆరేళ్ల తర్వాత.

ఇలాంటివి విసుగనిపించి దాటేస్తావేమో, దాటేయకు. నిబంధనల్ని రైతు తన పహాణీ చదువుకున్నంత శ్రద్ధగా చదువు. 2022 ఆగస్టులో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసింది. ఎందుకు? ఎన్నికలు సకాలంలో జరగలేదు, సుప్రీంకోర్టు వేసిన కమిటీ చేతికి పాలన వెళ్లింది, దాన్ని ఫిఫా బయటివాళ్ల జోక్యం అంది. ఆ నెలలోనే సస్పెన్షన్ ఎత్తేశారు కాబట్టి సరిపోయింది. లేకపోతే అక్టోబరులో మన దేశంలో జరగాల్సిన అండర్-17 అమ్మాయిల ప్రపంచకప్ చేజారిపోయేది. అలాగే 2010లో సమాఖ్య తన వాణిజ్య హక్కుల్ని పదిహేనేళ్లకు రాసిచ్చింది. ఆ గడువు దగ్గరపడ్డాక కొత్త ఒప్పందం కుదరక, 2025లో ఐఎస్ఎలే వేళకు మొదలవలేదు. ఎవరో ఎక్కడో పెట్టిన సంతకం వల్ల ఐజాల్‌లోనో గోవాలోనో ఒక కుర్రాడు జీతం కోసం ఎదురుచూస్తాడు. నువ్వు రాయాల్సింది ఆ కుర్రాడి గురించే. సంతకం ఎక్కడ పడిందో తెలియకపోతే అతని కథ నీకు సగమే దొరుకుతుంది.

ఇక రెండో ప్రశ్న. దీనికి జవాబు కాగితాల్లో ఉండదు, బస్సెక్కాలి. మలప్పురం వెళ్లు. వాన వెనకపట్టాక అక్కడ సెవెన్స్ మొదలవుతుంది. జట్టుకు ఏడుగురు, చిన్న మైదానం, వెదురుతోనో పోక మొద్దులతోనో కట్టిన తాత్కాలిక గ్యాలరీలు, రాత్రిపూట లైట్ల కింద ఆట. ఆఫ్రికా నుంచి ఆటగాళ్లు వచ్చి ఒక్కో జట్టుకు ఆడి వెళతారు. సమాఖ్య ఈ ఆటను గుర్తించదు. ఊళ్లకు ఆ గుర్తింపుతో పనిలేదు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్కన కూర్చున్న పెద్దాయన, నాకు మలయాళం రాదని తెలిసి కూడా, ప్రతి పాస్‌నూ నా మోచేయి పట్టుకుని వివరించాడు. ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు, ఆట మొత్తం అర్థమైంది.

కలకత్తా సంగతి వేరు. అక్కడ క్లబ్బు ఇంటిపేరు లాంటిది. 1911లో మోహన్ బగాన్ పదిమంది ఉత్త కాళ్లతో, ఒక్కడు బూట్లతో ఆడి తెల్లవాళ్ల పటాలం జట్టును ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ టోర్నీ గెలిచింది. 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్, దేశవిభజన తర్వాత తూర్పు నుంచి అన్నీ వదులుకుని వచ్చిన కుటుంబాలకు సొంత ఊరయింది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు వండుకుంటారు. ఇలిశ అంటే మన గోదారి పులసే. 1997లో ఈ రెండు జట్ల మధ్య ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు సాల్ట్‌లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలమందికి పైగా వచ్చారని లెక్క. ఈ రెండు జట్ల పోరులోనే 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో గొడవ చెలరేగి పదహారుమంది చనిపోయారు. అభిమానం గురించి రాసేటప్పుడు ఆ పదహారుమందిని వదిలేయకు. ఆ పేరాలో విశేషణాలు కూడా వాడకు.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2024 డిసెంబరు 31 రాత్రి గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్. బెంగాల్, కేరళ. ఇంజురీ టైమ్‌లో రోబీ హాన్‌స్దా కొట్టిన ఒక్క గోల్‌తో బెంగాల్ గెలిచింది. నా చుట్టూ ఎటు చూసినా మలయాళం, బెంగాలీ. తెలుగులో అరిచే గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. అంతకు దాదాపు మూడేళ్ల ముందు, 2022 మార్చిలో, హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో పెనాల్టీల మీద కేరళ బ్లాస్టర్స్ క్లబ్బును ఓడించి ఐఎస్ఎల్ ఛాంపియన్ అయింది. ఆ జట్టు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఊళ్లో ఎంతమందికి బాధ కలిగిందో నువ్వే తిరిగి కనుక్కో, నేను చెప్పను.

కానీ ఈ ఊరు ఎప్పుడూ ఇలా లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు నీ వ్యాసంలో ఒక్కచోట, అదీ బ్రాకెట్లో పెట్టావు. ఆయన బడిపంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ తెచ్చింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడే క్యాన్సర్ ఆయన్ని తీసుకెళ్లింది. నేను చెప్పిన రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే మనిషిలో దొరికిన కాలమది. ఆడించేవాడూ, నేర్పేవాడూ, గీత పక్కన నిలబడి చూసేవాడూ ఆయనే. మరి ఆటగాడి అన్నం? అది పోలీసు ఉద్యోగంలో ఉండేది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. ఆటగాళ్లు అలా ఎందుకు వెళ్లారు, ఇక్కడ వాళ్లకు ఏం దొరకలేదు, ఇది రాయడానికి నీకు ఏడాది పట్టినా పర్వాలేదు.

సునీల్ ఛెత్రీ కూడా సికింద్రాబాద్‌లోనే పుట్టాడు. 2018లో ముంబయిలో భారత్ మ్యాచ్‌కు రెండున్నర వేలమందే వస్తే, 'మమ్మల్ని తిట్టడానికైనా స్టేడియానికి రండి' అన్న అర్థం వచ్చేలా వీడియోలో బతిమాలుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అయిపోయాయి. జనానికి ఆట మీద ప్రేమ లేదని రాసేముందు ఆ మ్యాచ్ గుర్తుచేసుకో.

నీది నిజామాబాద్ అన్నావు. గుగులోత్ సౌమ్య మీ జిల్లా తండా నుంచే భారత జట్టుకు వెళ్లింది. అయినా నీ వ్యాసంలో ఆడపిల్లల ఆట గురించి ఒక్క ముక్క లేదు. నాకు బాగా కష్టమనిపించింది ఇక్కడే.

వ్యాసం ఇదే కవర్లో తిప్పి పంపుతున్నాను, పెన్సిల్ గుర్తులతో. మీ జిల్లాలో తర్వాత జరిగే మ్యాచ్ ఏదైనా సరే, వెళ్లు. గంట ముందే వెళ్లి సున్నంతో గీతలు గీసేవాణ్ణి పలకరించు. ఆ సున్నానికి డబ్బులు ఎవరిచ్చారో అడుగు. రిఫరీ ఏ ఊరి నుంచి వచ్చాడో, బస్సు ఛార్జీ ఎవరు పెట్టుకున్నారో, బంతి పక్క పొలంలో పడితే తెచ్చిచ్చే పిల్లలు ఎవరో రాసుకో. ఆ కాగితాలు నాకు పంపు, శుద్ధప్రతి అక్కర్లేదు.

ఇట్లు,
మీ మాస్టారు
సికింద్రాబాద్