షుగర్ పరీక్ష గురించి శిరీషకు

చిరంజీవి శిరీషకు ఆశీస్సులు.

దిల్‌సుఖ్‌నగర్ ల్యాబులో బయోకెమిస్ట్రీ విభాగం నీ చేతికి వచ్చిందని విని సంతోషించాను. గ్లూకోజ్ పరీక్షకు ఏ యంత్రం కొనాలని నువ్వు అడిగావు గానీ, ఈ పరీక్షలో తప్పు చాలావరకు శాంపిల్ యంత్రం దాకా రాకముందే జరుగుతుంది. ట్యూబులోకి వచ్చిన తరవాత కూడా రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి కనుక, మామూలు ట్యూబులో, గది ఉష్ణోగ్రతలో, అది గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తరిగిపోతుంది. మన మే నెల ఎండలో బండి డిక్కీలో పెట్టి తెస్తే ఇంకా వేగంగా తరుగుతుంది. వనస్థలిపురంలో పరగడుపున తీసినప్పుడు డెసిలీటరుకు 130 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉన్న రక్తం ట్రాఫిక్ దాటి నీ బల్ల మీదికి వచ్చేసరికి, మధుమేహమని తేల్చే 126 హద్దు కిందికి దిగితే, మధుమేహం ఉన్న మనిషికి లేదని మనమే రాసిచ్చినట్టవుతుంది.

గ్రే మూత ట్యూబులో ఈ తరుగుదలను ఆపే సోడియం ఫ్లోరైడ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. అది అడ్డుకునే ఎనొలేజ్ అనే ఎంజైము గ్లూకోజ్ విచ్ఛిన్నమయ్యే క్రమంలో దాదాపు చివరన ఉంటుంది కాబట్టి, మొదటి గంటా రెండు గంటలూ తరుగుదల సాగుతూనే ఉంటుంది. ఫ్లోరైడుతో పాటు ఆమ్లగుణమున్న సిట్రేట్ బఫర్ కూడా కలిపిన ట్యూబులైతే వెంటనే పనిచేస్తాయి. అవి దొరకనప్పుడు, తీసిన శాంపిల్‌ను వెంటనే ఐసు ముక్కలు వేసిన నీళ్లలో నిలిపి, అరగంటలోపు ప్లాస్మాను, అంటే కణాలు లేని ద్రవభాగాన్ని, వేరుచెయ్యాలి. నన్నడిగితే, పెద్ద యంత్రానికి పెట్టే డబ్బులో కొంత మిగిల్చి కలెక్షన్ సెంటరుకు, రక్తాన్ని గిర్రున తిప్పి ప్లాస్మాను వేరుచేసే చిన్న సెంట్రిఫ్యూజ్ ఒకటి కొనిపించమంటాను.

గ్లూకోజును కొలిచే పద్ధతుల్లో, హెక్సోకైనేజ్ అనే ఎంజైముతో చేసేది నమ్మదగినది. అందులో 340 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగు తీస్తారు. గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్ అనే రెండు ఎంజైములతో చేసే జీఓడీ-పీఓడీ చవక, రోజువారీ పనికి చాలు, కానీ విటమిన్ సి, బిలిరుబిన్ ఎక్కువున్న రక్తంలో విలువ తక్కువగా చూపగలదు. ఏ పద్ధతైనా ప్రతి ఉదయం రెండు స్థాయిల కంట్రోళ్లు (విలువ ముందే తెలిసిన నమూనాలు) పెట్టి, రోజురోజు ఫలితాల తేడా చూపే లెవీ-జెన్నింగ్స్ చార్టులో గుర్తించు. కంట్రోల్ తప్పితే, సరిపోయేదాకా మళ్లీ మళ్లీ నడిపి చూసే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. దాన్ని నీ దగ్గర మొదటి రోజే మాన్పించు. బయటివాళ్లు పంపిన నమూనాలతో మన ఫలితాలను సరిచూసే వెల్లూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) వాళ్ల బాహ్య నాణ్యతా పథకంలోనూ చేరు.

గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబు చాలు, ఆలస్యం దాన్ని అంతగా బాధించదు. అయితే రక్తహీనత, హీమోగ్లోబిన్ రకాల్లో తేడాలు దాన్ని తప్పుదోవ పట్టిస్తాయి కనుక, హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గ్రాఫు చూడకుండా అంకె మాత్రమే రిపోర్టుకు ఎక్కించకు. గ్రాఫులో అలవాటు లేని శిఖరం కనిపిస్తే, ఆ రోగికి ఈమధ్య రక్తం ఎక్కించారా అని డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కో.

ఆశీస్సులతో,
మావయ్య