ముందు సీట్లో కూర్చున్నవాడు నిద్రపోకూడదు

చిరంజీవి చిన్నాకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వూ, నీ స్నేహితులు నలుగురూ కలిసి కారులో సముద్రానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. "నువ్వైనా వద్దని చెప్పు అన్నయ్యా" అంది. నేను ఆ మాట అనను. నీ వయసులో నేనూ వెళ్ళాను, అదీ ఇంట్లో చెప్పకుండా. కాకపోతే అప్పుడు మాకెవరూ చెప్పని సంగతులు కొన్నున్నాయి. కాస్త ఓపిగ్గా చదువు.

మీరంతా ఇప్పుడు వెళ్ళడం గురించే మాట్లాడుకుంటుంటారు. ఎన్నింటికి బయల్దేరాలి, ఏ పాటలు పెట్టాలి, ఎక్కడ ఆగాలి. రావడం సంగతి మాత్రం "రాత్రికి స్టార్టయితే తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మేమూ అలాగే తేల్చాం. రోజంతా ఎండలో, ఉప్పునీళ్ళలో ఆడి ఆడి రాత్రి కారెక్కాం. వెనక ముగ్గురూ పది నిమిషాల్లో గురక మొదలుపెట్టారు. నేను ముందు సీట్లో ఉన్నాను. నడిపేవాడికి తోడుగా మెలకువగా ఉండాల్సింది నేనే. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటే ఏమవుతుందిలే అనుకున్నాను.

కారు కింద కంకర కరకరలాడుతుంటే మెలకువ వచ్చింది. రోడ్డు దిగిపోయాం. వాడి చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, తల మాత్రం గుండెల మీదకి వాలిపోయింది. నా అరుపుకి ఉలిక్కిపడి బ్రేకేశాడు. హెడ్‌లైట్ల వెలుగులో దుమ్ము, దుమ్ము వెనక ఒక చెట్టు మాను. అయిదుగురం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒకడి చేతిలో గవ్వలు ఏరుకున్న కవరు అలాగే ఉంది, నిద్రలో కూడా వదల్లేదు వాడు. ఆ కవరు గలగలమనడం నాకింకా గుర్తుంది, వాడి చేతులు వణుకుతున్నాయి మరి.

తర్వాత అడిగితే, బండి నడిపినవాడు అరగంట నుంచీ నిద్రొస్తోందన్నాడు. చెబితే ఏడిపిస్తామని ఊరుకున్నాడట.

అందుకే బయల్దేరకముందే అయిదుగురూ ఒక మాట అనుకోండి. "నాకు నిద్రొస్తోంది" అన్నవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు, వెంటనే బండి ఆపాలి. లెక్క చెబుతాను చూడు. గంటకి 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 25 మీటర్లు. నాలుగు సెకన్లు కునుకు పట్టిందంటే 100 మీటర్లు కళ్ళు మూసుకుని నడిపినట్టు. తెల్లవారుజామున 2 నుంచి 6 లోపు ఎంతటివాడికైనా నిద్ర ముంచుకొస్తుంది. మధ్యాహ్నం పూట కూడా ఒకసారి వస్తుంది. అద్దాలు దించడం, పాటల సౌండ్ పెంచడం కాసేపటి ముచ్చట. కాఫీ పనిచేస్తుంది గానీ, తాగగానే కాదు, దాదాపు అరగంట పడుతుంది. అందుకని కాఫీ తాగి, బండి భద్రమైన చోట ఆపుకుని 20 నిమిషాలు పడుకోండి. లేచేసరికి కాఫీ కూడా అందుకుంటుంది. రెండు గంటలకోసారి ఎలాగూ ఆగాలి, అక్కడే డ్రైవర్ మారండి. ముందు సీట్లో ఉన్నవాడే మ్యాప్ చూడాలి, ఫోన్లు ఎత్తాలి, కబుర్లు చెప్పాలి. నిద్రొస్తే వెనక్కి పోవాలి.

అసలు నన్నడిగితే, ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున బయల్దేరండి. ఇంకో రోజు సెలవు పెట్టడానికి మొహమాటపడొద్దు. మందు సంగతి కూడా చెబుతున్నాను, మీ అమ్మకి చెప్పను లే. రాత్రి బాగా తాగినవాడికి పొద్దున కూడా స్టీరింగ్ ఇవ్వొద్దు. స్నానం చేసినంత మాత్రాన ఒంట్లోంచి దిగిపోదు.

కారు సంగతికొస్తే, టైర్లలో గాలి బండి నడవకముందు, చల్లగా ఉన్నప్పుడు చూపించు. అయిదుగురూ, సామానూ ఉంటే ఎంత పెట్టాలో చాలా కార్లకి డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీదే ఉంటుంది. స్టెపినీలో కూడా చూడమను. అది మాత్రం అందరూ మర్చిపోతారు. జాకీ, వీల్ స్పానర్, టార్చి బ్యాగుల కింద పెట్టకు. చీకట్లో డిక్కీ మొత్తం రోడ్డు మీద ఖాళీ చేసుకుంటే తెలుస్తుంది ఆ అవస్థ.

ఇక సముద్రం. ఈత వచ్చినవాడికే నేనెక్కువ భయపడతాను. రానివాడు మోకాళ్ళ లోతులో ఆగిపోతాడు. అలలు ఇటూ అటూ విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్ళు నెమ్మదిగా, కాస్త నల్లగా కనిపిస్తే అక్కడ ప్రశాంతంగా ఉందని దిగొద్దు. ఒడ్డుకొచ్చిన నీళ్ళు లోపలికి పోయే దారి అది. రిప్ కరెంట్ అంటారు. గజఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. చిక్కుకుంటే ఒడ్డు వైపు కొట్టుకోవద్దు, ఉన్న బలమంతా అక్కడే అయిపోతుంది. తేలుతూ, చెయ్యెత్తి పిలవాలి. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. ఆ పాయ ఇరుకుగానే ఉంటుంది, దాటాక అలలే ఒడ్డుకి తోస్తాయి. ఒకడు కొట్టుకుపోతుంటే మిగతా నలుగురూ దూకెయ్యకండి. గార్డుని పిలవండి, తేలే వస్తువేదైనా విసరండి, మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాన్ అయినా సరే. ఎర్ర జెండా ఉంటే దిగొద్దు. సగం ఎరుపు, సగం పసుపు జెండాలుంటే వాటి మధ్యనే గార్డుల కాపలా ఉంటుంది. దిగితే అక్కడే దిగండి.

కారుని ఇసకలోకి దించుదామని ఒకడు కచ్చితంగా అంటాడు, ఫొటో కోసం. వినకు. దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం ఇంకా లోపలికి తవ్వుకుంటుంది, ఇంతలో పోటు మొదలైతే నీళ్ళు మీదకొస్తాయి. తాళం జేబులో పెట్టుకుని నీళ్ళలోకి దిగొద్దు. రెండో తాళం ఇంకొకడి బ్యాగులో ఉంచు.

డబ్బుల లెక్క ఒక్కడే రాయండి, రోజూ రాత్రి పడుకునే ముందు చూసుకోండి. అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

స్టెపినీలో గాలి పెట్టించాక నాకు ఫోన్ చెయ్. ఆ తర్వాత మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య