ఏఐ లేకపోయినా నడిచే ఏఐ పాఠం

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. మొక్కల శ్వాసక్రియ మీద ఏఐతో ఒక పాఠం తయారుచేశా, పిల్లలు చాట్‌లో ప్రశ్న అడిగి జవాబు రాసుకోవాలి. ఒక సెక్షన్‌లో బాగానే నడిచింది, ఇంకో సెక్షన్‌లో అదే ప్రశ్న వేస్తే జవాబు వేరేగా, పైగా తప్పుగా వచ్చింది. ఒక పిల్లాడైతే తన పేరు, ఇంట్లో గొడవలు కూడా టైప్ చేసేశాడు. తోటి టీచర్లు ఆ పాఠం మాకూ ఇవ్వమంటున్నారు, ఇవ్వొచ్చా?
– ఓ సైన్స్ టీచర్

జవాబు: ముందు ఆ పిల్లాడి సంగతి చూడండి టీచర్ గారూ, పాఠం ఎక్కడికీ పోదు. వాణ్ణి పక్కకి పిలిచి తిట్టకుండా మాట్లాడండి, ఆ చాట్ డిలీట్ చేయించండి, హెడ్మాస్టర్ గారికి చెప్పండి. మెషీన్‌తో చెప్పుకున్నాడంటే మనిషి కోసం చూస్తున్నాడనే కదా.

ఇక జవాబు మారడం అంటారా, ఏఐ తత్వమే అంత. తర్వాత ఏ పదం రావచ్చో లెక్కేసుకుంటూ రాస్తుంది, ఆ ఎంపికలో కొంత లాటరీ ఉంటుంది, కంపెనీ వాళ్లు లోపల మోడల్ (జవాబులు తయారుచేసే ప్రోగ్రామ్) మార్చేస్తే ఇంకా తేడా వస్తుంది. అందుకే లైవ్ చాట్ మీద ఆధారపడ్డ పాఠాన్ని అలాగే ఇంకొకరికి ఇవ్వకండి. నెట్ పోయినా, టూల్ మారినా నడిచేలా మార్చి ఇవ్వండి.

ఎలాగంటే, ఏఐని మీరే ముందు అడిగి, వచ్చిన జవాబుల్లో తప్పున్నదాన్ని ఏరి మరీ ప్రింట్ తీయండి, కింద టూల్ పేరు, తేదీ, మీరు అడిగిన ప్రశ్న ఉన్నదున్నట్టు రాయండి. ఉదాహరణకి "మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి, రాత్రి శ్వాసిస్తాయి" అని వచ్చిందనుకోండి. ఎంత నున్నగా ఉందో చూడండి, పెద్దవాళ్లు కూడా తలూపేస్తారు. కానీ మొక్క శ్వాస పగలూ రాత్రీ ఆగదు, మంచి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ దాన్ని మించిపోతుంది కాబట్టి మొత్తమ్మీద ఆక్సిజన్ బయటికొస్తుంది, అంతే. పిల్లల పని ఏంటంటే ఆ వాక్యంలో తప్పు ముక్క కింద గీత గీయడం, టెక్స్ట్‌బుక్‌లో రుజువు పేజీ చూపించడం, సరిచేసి రాయడం. వీలైతే మొలకెత్తుతున్న గింజలు, చిన్న గ్లాసులో సున్నపు తేట ఒకే సీసాలో పెట్టి మూత బిగించండి, గింజలు శ్వాసించి వదిలే కార్బన్ డయాక్సైడ్‌తో పట్టపగలు కూడా ఆ తేట పాలలా మారుతుంది, అది చూశాక ఏఐ ఏమన్నా పిల్లలు తేలిగ్గా నమ్మరు. సరైన జవాబు మాత్రం ఏఐని అడక్కముందే మీరు రాసి పెట్టుకోండి, తర్వాత రాస్తే దాని మాటలే మన పెన్నులోకి వచ్చేస్తాయి (నిజంగా వస్తాయి).

ప్రాంప్ట్‌లో, అంటే ఏఐకి మీరు టైప్ చేసే ప్రశ్నలో, తరగతి, అంశం దగ్గర ఖాళీలు వదిలితే వేరే టీచర్లు నింపుకుంటారు. పిల్లల పేరు, మార్కులు, ఫోటో లాంటివి మాత్రం ఏ ఖాళీలోనూ వద్దు. వయసు సంగతి కూడా ఉంది. 2023 సెప్టెంబర్‌లో యునెస్కో ఇచ్చిన మార్గదర్శకాల్లో క్లాస్‌రూమ్‌లో ఈ టూల్స్ వాడటానికి కనీసం 13 ఏళ్లు ఉండాలంది, చాట్‌జీపీటీ నిబంధనల్లోనూ 13 లోపు వాళ్లకి వద్దు, 18 నిండేదాకా తల్లిదండ్రుల అనుమతి కావాలి అని ఉంది. ఎనిమిదో తరగతంటే ఆ గీతకి అటూ ఇటూ ఉన్న పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు, కాబట్టి లైవ్‌లో చూపించాలంటే మీ అకౌంట్‌తో మీరే అడిగి తెర మీద చూపించండి.

ప్రశ్న: పిల్లలు ఏఐతో రాశారో లేదో పట్టే డిటెక్టర్ ఏదైనా చెప్పండి.
– ఓ భాషా టీచర్

జవాబు: చెప్పను. చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ వాళ్లే 2023 జనవరిలో ఒకటి తెచ్చారు, అది ఏఐ రాతల్లో 26 శాతమే పట్టింది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాతలంది, కచ్చితత్వం లేదని జూలైలో వాళ్లే తీసేశారు. తప్పు చేయని పిల్ల మీద నింద పడితే ఎవరు తుడుస్తారు? అనుమానమొస్తే వ్యాసం మూసేసి "ఈ రెండో పేరా నీ మాటల్లో చెప్పమ్మా" అనండి, చెప్పగలిగితే వదిలేయండి, తడబడితే అక్కడే కూర్చోబెట్టి ఆ పేరా మళ్లీ రాయించండి.